నగారాల దారి

"పోయిన ఆదివారం అంత గాలివాన వచ్చినా ఒక్కరికి కూడా చిన్న దెబ్బ తగల్లేదు. అదంతా మీ చలవే!" అన్నాడు గ్రేడన్.

వేదిక వెనక గదిలో కూర్చున్న వాలంటీర్లంతా చప్పట్లు కొట్టారు. ఆర్లిస్ కూడా కొట్టింది. కొడుతూనే, ఎందుకు కొడుతున్నానా అని తన చేతుల వంక చూసుకుంది.

నార్బీ ఊళ్ళో వేసవి వస్తే ఆర్కెస్ట్రా కచేరీలన్నీ సరస్సు ఒడ్డున పచ్చిక మీదే. వాటికి మేనేజరు గ్రేడన్. కానీ కార్లు ఎక్కడ ఆపాలో చూపించేదీ, కార్యక్రమం కాగితాలు పంచేదీ, పచ్చిక మీద వదిలేసిన ఎంగిలి కప్పులు ఏరేదీ ఈ నీలం ఏప్రన్ల వాళ్ళు. జీతమూ లేదు, భత్యమూ లేదు. అయినా ఆ ఏప్రన్‌ని ఇంటికి తీసుకెళ్ళి ఇస్త్రీ చేసుకుని మరీ కట్టుకొస్తారు. ఆర్లిస్ అయితే తన పెళ్ళి గౌనుని కూడా అంత భద్రంగా చూసుకోలేదు.

ఆమె ఒళ్ళో బట్టలకి పెట్టే క్లిప్పుల బుట్ట ఉంది. సరస్సు గాలికి సంగీతం కాగితాలు ఎగిరిపోకుండా వాద్యకారుల స్టాండ్లన్నిటికీ క్లిప్పులు పెట్టడం ఆమె పని. ఆదివారం వానకి అన్నీ తడిశాయి. స్ప్రింగులు తుప్పు పట్టకుండా ఒక్కొక్కటీ పాత తువ్వాలుతో తుడిచి పక్కన పెడుతోంది. ఆమె రెండో పని చక్రాల కుర్చీల వరస. కొండ మీద వృద్ధాశ్రమం నుంచి వ్యానులో ఏడెనిమిది మంది వస్తారు. వాళ్ళని వేదికకి దగ్గరగా, పచ్చిక కింది కొసన పరిచిన చెక్క పలకల మీద కూర్చోబెట్టాలి. అయిపోయాక వాలు దారి మీదుగా పైన ఆగిన వ్యాను దాకా తోసుకెళ్ళాలి.

ఒక్కరికీ దెబ్బ తగల్లేదట! ఆదివారం పిడుగుల హెచ్చరిక బూర మోగగానే పచ్చిక మీద జనమంతా దుప్పట్లు చుట్టేసుకుని ఒకే ఒక్క దారిలో పడి కార్లకేసి పరిగెత్తారు. చక్రాల కుర్చీలు ఆఖర్న వెళ్ళాలి, అది నియమం. దారి ఖాళీ అయ్యేసరికి వాన ముంచెత్తేసింది. కుర్చీల పక్కన నిలువెత్తు ఇనుప దీపస్తంభం. సరస్సులో పిడుగు పడ్డప్పుడు ఆ స్తంభం జుయ్యిమంది. ఆర్లిస్ తన ఏప్రన్ విప్పి హిల్మా ముసలమ్మ తల మీద కప్పి, తనూ ఆమె మీదకి వంగి నిలబడింది. అంతకన్నా చెయ్యడానికి ఏమీ దొరకలేదు. అప్పట్నించీ ఎక్కడ తలుపు దభీమన్నా ఆమె గుండె జారిపోతూనే ఉంది.

"ఎవరికైనా ఏమైనా చెప్పాలనుందా?" అన్నాడు గ్రేడన్.

పక్కన కూర్చున్న బెర్నడీన్ మోచేత్తో పొడిచింది. ఆర్లిస్ లేచి నిలబడింది. ఒళ్ళోని క్లిప్పులు సగం నేల మీద పడ్డాయి.

"చక్రాల కుర్చీలు... అవి ముందు వెళ్తే బావుంటుందేమోనని."

గ్రేడన్ కసురుకోలేదు. అతనిలో ఆ చెడ్డగుణం లేదు. వంగి, క్లిప్పులు ఏరి ఆమె బుట్టలో వేస్తూ చెప్పాడు. "చూడండి ఆర్లిస్, దారి ఇరుకు. ఒక్క కుర్చీ ఇరుక్కుందంటే వెనకాల వందలమంది ఆగిపోతారు. పోనీ ముందే కదిలిద్దామంటే, జనం ఆకాశాన్ని చూడరు, మీ నీలం ఏప్రన్లని చూస్తారు. మీలో ఒకళ్ళు కుర్చీ తోశారంటే చాలు, ఇంక పచ్చికంతా లేచిపోతుంది. తొక్కిసలాట అయితే ఎవరిది పూచీ? బూర నేను ఊదాలి, ఆ తరవాతే ఎవరైనా కదలాలి."

అందులో అబద్ధమేమీ లేదు. ఆర్లిస్ బుట్ట ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కూర్చుంది.

"ఇంకో సంగతి," అన్నాడు గ్రేడన్ అందరితో. "వేదిక చుట్టూ తెల్లగీత మళ్ళీ వేయించాను. కచేరీ జరుగుతుండగా ఏప్రన్లు గీత దాటకూడదు. దాటినవాళ్ళు ఏప్రన్ విప్పి ఇచ్చేయాల్సిందే. వాద్యాలకి ఏమైనా అయితే నేను ఎవరికీ మొహం చూపించలేను."

బయటికి రాగానే బెర్నడీన్ అందుకుంది. "బావుంటుందేమోనని! ఏమిటే ఆ ఏమో? ఆ మాట అనడానికి నిన్నటినించీ అద్దం ముందు నిలబడి సాధన చేశావా?"

"నువ్వు చెప్పచ్చుగా మరి?"

"నాకు కోపం వస్తుంది, అరుస్తాను. ఆయన సారీ చెప్పమంటాడు, నేను చెప్పను. ఆ తరవాత పార్కింగు దగ్గర జెండా ఊపేవాళ్ళుండరు," అంది బెర్నడీన్ టోపీ సర్దుకుంటూ.

శుక్రవారం మధ్యాహ్నం ఆర్లిస్ పుల్లటి రూబార్బ్ కాడలతో తీపి బిళ్ళలు చేసి, డబ్బాలో పెట్టుకుని వృద్ధాశ్రమానికి వెళ్ళింది. హిల్మాకి తొంభై దాటాయి. మూడు రోజులు జ్వరపడి లేచింది. కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుంది. నార్బీ ఆర్కెస్ట్రాలో ఆవిడ వాయించని వేసవి లేదు. ఆవిడ వాద్యం వయోలా, వయొలిన్ కన్నా కాస్త పెద్దది. ఇప్పుడు వయోలా లేదు, ఎడమచేతి వేళ్ళు మాత్రం కుర్చీ చేతి మీద ఊరుకోకుండా నొక్కుతూనే ఉంటాయి.

"ఈ ఆదివారం నేను రానమ్మాయ్," అంది, ఆర్లిస్ ఇంకా కూర్చోకముందే.

అరవై ఆరేళ్ళ ఆర్లిస్‌ని అమ్మాయ్ అని పిలిచే మనిషి లోకంలో ఇంకెవరూ మిగల్లేదు.

"ఈసారి వయోలాలకి మంచి పని ఉందన్నారుగా మీరే?"

"ఉంది. వయోలాకి ఎప్పుడూ పాట ఉండదు తెలుసా. పాటంతా వయొలిన్ల వాళ్ళు ఎగరేసుకుపోతారు. అడుగున చెల్లోలు గంభీరంగా ఉంటాయి. మేం మధ్యలో పట్టుకుని నిలబడతాం. మేం ఆగిపోయామనుకో, అప్పుడు తెలుస్తుంది జనానికి, ఏదో లేదని. ఏం లేదో మాత్రం తెలీదు." బిళ్ళ కొరికి మెల్లిగా నమిలింది. "పుల్లగా ఉంది, బావుంది. నేను రాను. చావంటే భయం అనుకునేవు, కాదు. వదిలేసిపోతారని భయం. ఆ రోజు అంతమంది కాళ్ళు మా ముందునించి వెళ్ళాయి. ఒక్కరు కూడా మొహం ఇటు తిప్పలేదు. చూస్తే ఆగాల్సొస్తుందని."

ఆర్లిస్ దుప్పటి అంచు సరిచేసింది. సరిగ్గానే ఉన్నదాన్ని మళ్ళీ సరిచేసింది.

"ఈసారి మిమ్మల్ని ముందు తీసుకెళ్తాను," అంది.

"గ్రేడన్ ఒప్పుకున్నాడా?"

"తీసుకెళ్తానన్నానుగా."

హిల్మా ఆమె మొహంలోకి చూసింది. "మాటేనా?"

"మాటే."

ముసలావిడ మొహం విప్పారింది. ఇంక ఆగకుండా పాత కబుర్లు మొదలుపెట్టింది. ఏదో వేసవిలో మోకాలు విరిగితే, వేదిక మెట్లు ఎక్కలేకపోతే, పెద్ద రాగి నగారాలు దొర్లించుకెళ్ళే ఏటవాలు బల్ల మీద తనని కూడా నగారాతో పాటే ఎక్కించారట. "నన్ను చూసి నగారాలాయన, ఇది ఏ శ్రుతిలో ఉందీ అన్నాడు!" అని పకపకా నవ్వింది. ఆర్లిస్ కూడా నవ్వింది. కానీ మనసు అక్కడ లేదు. మాట ఇచ్చేటప్పుడు నోరు ఎంత తేలిగ్గా ఆడిందీ! గ్రేడన్ ఎదుట ఆ నోరేమైపోతుందో ఆమెకి బాగా తెలుసు.

ఆదివారం పొద్దున లేస్తూనే ఆకాశం చూసింది. మబ్బుతునక లేదు. అది చూసి సంతోషించాల్సింది పోయి ఇంకా భయపడింది. పోయినవారం కూడా ఇలాగే ఉంది.

మధ్యాహ్నానికే పచ్చిక మీద దుప్పట్లు పరుచుకున్నాయి. నార్బీలో అది ఆనవాయితీ. పొద్దున్నే వచ్చి దుప్పటి పరిచి నాలుగు మూలలా బూట్లో రాళ్ళో పెట్టి పోతే, సాయంత్రం దాకా ఆ చోటు వాళ్ళదే, ఎవరూ ముట్టుకోరు. ఏటేటా దుప్పట్లు పెద్దవవుతున్నాయి, దారి చిన్నదవుతోంది. ఆర్లిస్ దారి పొడుగునా నడుస్తూ, మీదకొచ్చిన అంచుల్ని బూటు కొనతో లోపలికి నెట్టింది. ఎవరైనా చూస్తున్నారేమోనని మధ్యమధ్య అటూ ఇటూ చూసింది. ఆ తరవాత వేదిక ఎక్కి స్టాండ్లకి క్లిప్పులు పెట్టింది. వయోలాల దగ్గర ఒక్కో స్టాండుకీ ఒక క్లిప్పు ఎక్కువే పెట్టింది.

సాయంత్రం కచేరీ మొదలైంది. కుర్చీలన్నీ చెక్క పలకల మీద వరసగా ఉన్నాయి, బ్రేకులు వేసి ఉన్నాయి. హిల్మా ముదురాకుపచ్చ గౌను వేసుకుని, పెదాలకి రంగు కూడా వేసుకుని వచ్చింది. ఆర్లిస్ ఆమె వెనక నిలబడింది. జనం వేదికని చూస్తున్నారు, ఆమె మాత్రం పడమటి గట్టుని చూస్తోంది.

సగం కచేరీ అయ్యేసరికి గట్టు మీద చెట్ల వెనక చిన్న నల్లగీత కనిపించింది. కళ్ళు నులుముకుని చూసింది. గీత లావెక్కింది. గాలి హఠాత్తుగా ఆగిపోయింది. మైకుల శబ్దం సర్దే బల్ల దగ్గర ఉన్న గ్రేడన్ వంక చూసింది. అతను ఫోను చూసి, అరచెయ్యి ఆమెకి చూపించాడు. ఆగమని. మబ్బు ఉత్తరానికి వెళ్ళిపోతుందని వేలితో గాల్లో గీసి చూపించాడు.

గట్టు వెనక ఒక వెలుగు. ఉరుము వచ్చేదాకా ఆర్లిస్ పెదాలు కదుపుతూ అంకెలు లెక్కపెట్టింది. చాలాసేపటికి ఉరిమింది, ఎంత నెమ్మదిగా అంటే నగారాల మోతలో కలిసిపోయింది. ఎవరూ తల తిప్పలేదు. ఇంకో వెలుగు. ఈసారి లెక్క తొందరగా అయిపోయింది. మళ్ళీ గ్రేడన్ వంక చూసింది. మళ్ళీ అరచెయ్యి. ఆ చెయ్యి చూస్తే ఆమెకి ఏడుపొచ్చింది. ఏప్రన్ పోతే వేసవిలో ఇంక తనకేముంది? మళ్ళీ హిల్మా మెడ వెనక తెల్లజుట్టు కనిపించింది. ఆ జుట్టు కూడా ఇవాళ ఎవరిచేతో చక్కగా దువ్వించుకుంది.

ఆర్లిస్ వంగి బ్రేకు తీసింది.

"ఇదేమిటి, ఇంకా అవ్వలేదుగా?" అంది హిల్మా గుసగుసగా. "వయోలాలు ఇప్పుడే వస్తున్నాయి."

"అయ్యేదాకా ఆగితే మనం మళ్ళీ ఆఖరే."

కుర్చీని దారిలోకి తిప్పింది. కుర్చీని ఆమె తోస్తోందో, కుర్చీ పట్టుకుని ఆమె నిలబడిందో చెప్పడం కష్టం. పార్కింగు దగ్గరుండాల్సిన బెర్నడీన్ ఎప్పుడొచ్చిందో, మాటా పలుకూ లేకుండా రెండో కుర్చీ అందుకుంది. వాళ్ళని చూసి మిగతా నీలం ఏప్రన్లు ఒక్కొక్కటే కదిలాయి.

వాలు సగం ఎక్కారో లేదో, దుప్పటి మీంచి ఒకాయన పైకే అన్నాడు. "అదిగో, ఏప్రన్లు వెళ్ళిపోతున్నాయి!"

అంతే. ఒక దుప్పటి లేచింది, పక్కది లేచింది, చూస్తుండగానే పచ్చికంతా లేచింది. బుట్టలు, మడత కుర్చీలు, చంకల్లో పిల్లలు, అందరూ ఒక్కసారే దారిలోకి దిగారు. ఆర్లిస్ ముందూ వెనకా కాళ్ళే. ఎవరి ఐసుపెట్టో హిల్మా పాదాలకి తగిలింది. "జరగండి, కొంచెం జరగండి!" అంటూనే ఉంది ఆర్లిస్, కానీ ఆ గొంతు ఎవరికీ వినిపించేది కాదు. అప్పుడు మోగింది బూర. దాని వెనకే ఈసారి లెక్కపెట్టడానికి వీల్లేనంత దగ్గరగా ఉరిమింది.

"నేను చెప్పానా లేదా!" గ్రేడన్ గొంతు ఎక్కడో వెనక నుంచి. "నేను చెప్పానా లేదా!"

చెప్పాడు. అక్షరం పొల్లుపోకుండా అతను చెప్పినట్టే జరిగింది. పోయిన ఆదివారం వీళ్ళని వదిలేసి పోయారు, అంతే. ఇవాళ తనే తెచ్చి మంద మధ్యలో పడేసింది. అడుగు ముందుకి పడదు. పక్కనే ఇంకో దీపస్తంభం ఉంది, ఇనుముది, నిలువెత్తుది. కన్ను పొడుచుకున్నా కనపడనంతగా చీకటి కమ్ముకొస్తోంది. హిల్మా చేయి వెనక్కొచ్చి ఆమె మణికట్టుని పట్టుకుంది. పోయినవారం పట్టుకున్నట్టే.

"నన్ను క్షమించండి," అంది ఆర్లిస్. "నాదే తప్పు. నాదే."

"తరవాత ఏడుద్దువుగాని. పైకి దారి లేదు కదా? మరి కిందో?"

"కింద ఏముంది? వేదికేగా ఉంది!"

"అమ్మాయ్, నగారాలు వాన వస్తే ఎటు పోతాయి?"

ఒక్క క్షణం ఆర్లిస్‌కి ఆ మాట తలకెక్కలేదు. ఎక్కగానే వెనక్కి తిరిగి అరిచింది. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా అరవలేదు. "బెర్నడీన్! కిందికి! అన్నీ కిందికి!"

"కిందికెక్కడికే?"

"నగారాల బల్ల మీదకి!"

వాలు మీద చక్రాల కుర్చీని ముందుకి దింపితే మనిషి జారి పడతారు. వెనక్కి తిప్పి, తోసేవాళ్ళు కింద ఉండి, ఒంటితో ఆపుకుంటూ దింపాలి. ఆర్లిస్ అలాగే దింపింది, ఒక్కో అడుగూ వెతుక్కుంటూ, హిల్మా బరువంతా తన పొట్ట మీద మోస్తూ. కింది దారి బోసిగా ఉంది. జనమంతా పైకే పోతున్నారు కదా! చక్రాల కింద తెల్లగీత వచ్చింది. ఆమె దాన్ని చూసింది. కొత్త రంగు, ఎంత తెల్లగా ఉందో! చక్రాలు దాని మీంచి వెళ్ళిపోయాయి.

వేదిక మీద వాద్యకారులు వాయించడం ఆపేసి, వాద్యాలు చంకన పెట్టుకుని వెనక కాంక్రీటు గదిలోకి పరిగెడుతున్నారు. నగారాలు వాయించే ఇవర్ ఆఖరి నగారాని ఏటవాలు బల్ల పైకొసన ఉన్న గది తలుపు వైపు దొర్లిస్తూ, ఎదురుగా వరసగా వస్తున్న కుర్చీల్ని చూసి నోరు తెరిచాడు.

"ఇవి కూడా లోపలికేనా?"

"ఇవి కూడా," అంది ఆర్లిస్.

అతను నగారాని లోపలికి ఒక్క తోపు తోసి, పరిగెత్తుకొచ్చి హిల్మా కుర్చీని ముందు నుంచి అందుకున్నాడు. "నా నగారా కన్నా మీరే నయం బామ్మా, మీకు నాలుగు చక్రాలున్నాయి!" అన్నాడు. అతని వెనకే బాకాల వాళ్ళు, చెల్లోల వాళ్ళు చేతిలోవి అక్కడపెట్టి ఉరికొచ్చారు. రోజూ బరువులు దొర్లించే చేతులు. కుర్చీలన్నీ ఒకదాని వెనక ఒకటి కాంక్రీటు గదిలోకి వెళ్ళిపోయాయి. ఆఖరి కుర్చీ గడప దాటుతుండగా వాన విరుచుకుపడింది.

గది నిండిపోయింది. చెల్లోల మధ్య చక్రాల కుర్చీలు, కుర్చీల చేతుల మీద వయొలిన్ పెట్టెలు. ఆర్లిస్ ఒక్కో కుర్చీ దగ్గరికీ వెళ్ళి మొహాలు చూసింది, పాదాలు చూసింది, బ్రేకులు వేసింది. అందరూ ఉన్నారు. అందరూ పొడిగా ఉన్నారు. మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటూ వచ్చింది. బయట ఆకాశం పగిలినట్టయింది, లైట్లు ఆరిపోయాయి.

ఎవరో చిన్నగా కేక పెట్టారు. ఆ తరవాత పైకప్పు మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతమందీ ఊపిరి బిగబట్టుకుని తరవాతి ఉరుము కోసం ఎదురుచూస్తున్నారు.

చీకట్లో హిల్మా కూనిరాగం మొదలుపెట్టింది.

అది పాటలా లేదు. ఒకే స్వరం చుట్టూ తిరిగి, కొంచెం దిగి, మళ్ళీ అక్కడికే వచ్చేది. దారిలో పోయేవాడు వింటే ఈవిడకి మతిపోయిందనుకుంటాడు. గదిలో ముందు ఎవరికీ అర్థం కాలేదు. అంతలో మూల నుంచి ఒక వయోలా అందుకుంది. తడుముకుని రెండోది కలిసింది. ఇందాక బూర మోగిన చోట ఆగిపోయిన స్వరం అది. దాన్ని వెతుక్కుంటూ ఒక చెల్లో వచ్చింది, ఆ మీదట వయొలిన్లు తమ పాటని దాని మీద పెట్టాయి. కాగితాలు లేవు, క్లిప్పులు లేవు. అక్కడక్కడా తప్పిపోయి, గుర్తొచ్చిన మేరకి వాయించారు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. గ్రేడన్. జుట్టులోంచి, ముక్కు మీంచి నీళ్ళు కారుతున్నాయి. జనాన్నంతా కార్లు ఎక్కించి, అందరికన్నా ఆఖర్న వచ్చాడు. చేతిలో బూర ఇంకా ఉంది. చీకట్లో నీలం ఏప్రన్ పోల్చుకుని నోరు తెరిచాడు.

"ఆర్లిస్, మీరు గీత..."

"తలుపెయ్యండి," అంది ఆర్లిస్. "వయోలాల మీదకి జల్లు కొడుతోంది. ఏప్రన్ రేపు ఇస్తాను."

అతను వెనక్కి తిరిగి తలుపు వేశాడు. వేసి అక్కడే నిలబడ్డాడు. గదిలో ఇంక కూర్చోవడానికి చోటు లేదు. సరిగ్గా అప్పుడే గోడలు అదిరేలా పిడుగు పడింది. తలుపు సందులోంచి తెల్లటి వెలుగు లోపలికొచ్చి, ఒక్క లిప్త అందరి మొహాలూ కనిపించాయి. గ్రేడన్ ఉలిక్కిపడి, చేతికి ఏది దొరికితే దాన్ని గట్టిగా పట్టేసుకున్నాడు. దొరికింది హిల్మా కుర్చీ పిడి.

ముసలావిడ కూనిరాగం ఆపి వెనక్కి చెయ్యి చాపింది. తడిసిన ఆ చేతిని రెండుసార్లు తట్టింది.

"పట్టుకో నాయనా, పరవాలేదు," అంది. "కదలదు. ఆర్లిస్ బ్రేకు వేసింది."